బేరిపండు మీద కేసు పెట్టాల్సిందే

వ్యంగ్యం రాసేవాళ్లను, బొమ్మలు గీసేవాళ్లను ఇంకా ఇలా వదిలేయడం మంచిది కాదని నా గట్టి అభిప్రాయం. నాయకుడు పాపం ఎన్నికల ముందు ఒక మాట అంటాడు, గెలిచాక ఇంకోటి అంటాడు, మధ్యలో మనం ఆ మొదటి మాట మరిచిపోవాలని వార్తా ఛానెళ్లు ఎనిమిది మందిని కూర్చోబెట్టి ఒకేసారి అరిపిస్తూ రాత్రింబవళ్లు కష్టపడుతున్నాయి. ఇంతలో ఎవడో ఒకడు ఆ రెండు వీడియో ముక్కలూ పక్కపక్కన అతికించి, నోరు కూడా మెదపకుండా, తీరిగ్గా కళ్లద్దాలు తుడుచుకుంటాడు. అంతే, అయిపోయింది. వాడు ఒక్క ఆరోపణ అయినా చేస్తే కదా, నాయకుడు ఖండించడానికి!

ఈ జబ్బు ఇవాళ్టిది కాదు. 1831లో ఫ్రాన్స్ రాజు లూయీ ఫిలిప్‌ను అవమానించాడని షార్ల్ ఫిలిపోన్ అనే పత్రికాయనను కోర్టుకు లాగారు. ఆయన అక్కడే నాలుగు బొమ్మలు గీసి చూపించాడు. మొదటిది అచ్చం రాజుగారి ముఖం, నాలుగోది అచ్చం బేరిపండు, మధ్యలో రెండూ ఎటు చూస్తే అటే. ఒకటి నేరమైతే దాన్ని పోలిన రెండోదీ నేరమే, అలా పోతే బేరిపండు గీసిన ప్రతివాణ్నీ శిక్షిస్తారా అన్నాడు. కోర్టు ఆయన్ను జైలుకు పంపింది, సరైన పని. కానీ ఏం లాభం, పారిస్ గోడల నిండా బేరిపండ్లే! చివరికి 1835లో బొమ్మ అచ్చేయాలంటే ముందే అనుమతి తీసుకోవాలని చట్టం తెచ్చారు. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకునే సామెత బేరిపండుకూ సరిపోతుందని గిట్టనివాళ్లు అంటారు, వాళ్ల మాట పట్టించుకోకండి.

న్యూయార్క్ రాజకీయ నాయకుడు ట్వీడ్ కథ ఇంకా ఘోరం. నగర ఖజానా కాజేసి, కస్టడీ నుంచి జారుకుని స్పెయిన్ దాకా పారిపోతే, 1876లో అక్కడివాళ్లు థామస్ నాస్ట్ వేసిన బొమ్మ చూసి పట్టుకున్నారు. ఫొటో కాదండీ, కార్టూన్!

ఇక మీడియాకు జరిగిన అన్యాయం. 2012లో 'ది ఆనియన్' అనే అమెరికా వ్యంగ్య పత్రిక ఉత్తర కొరియా అధినేత కిమ్ జోంగ్ ఉన్‌ను ఆ ఏటి అందరికన్నా ఆకర్షణీయమైన మగాడిగా ప్రకటిస్తే, చైనా అధికార పార్టీ పత్రిక పీపుల్స్ డైలీ తన వెబ్‌సైట్‌లో 55 ఫొటోలు జోడించి నిజం వార్తగానే పెట్టింది. గుర్రం మీద ఒకటి, సైన్యం మధ్య ఒకటి, ఇలా అన్ని ఫొటోలు ఓపిగ్గా ఏరిన ఆ డెస్కు ఉద్యోగికి ఒక్క దగ్గరైనా అనుమానం రాలేదంటే తప్పు అతనిది కాదు, రోజూ అతను దిద్దే అసలు వార్తలూ అలాగే ఉంటాయేమో అని నాకొక టెన్షన్.

అందుకే పాత వీడియోలు దాచుకోవడాన్ని నేరం చేయాలి, నవ్వడానికి ముందస్తు అనుమతి పెట్టాలి. ఏ పార్టీ వాళ్లయినా ఈ వ్యాసాన్ని తమకు మద్దతుగా వాడుకోవచ్చు, కావాలంటే 55 ఫొటోలు నేనే పంపిస్తాను.