శుభం కార్డు పడకుండానే

మా ఆఫీసులో ఒకాయన కొడుకు ఉద్యోగం మానేసి, స్నేహితుల దగ్గర తలా కాస్త పోగేసి సినిమా తీశాడు. విశాఖలో ఒక థియేటర్ వాళ్లు దయతలచి పొద్దున పదకొండు గంటల ఆట ఒక్కటి ఇచ్చారు. నిన్న నేనూ మా ఆవిడా వెళ్లాం. హాల్లో పదిహేడు మందిమి ఉన్నాం. అందులో పదకొండు మంది తెర మీద కూడా ఉన్నారు.

సినిమా బాగుంది. మొహమాటానికి అనడం లేదు. ఆదివారాలు మాత్రమే షూటింగ్ చేశారట, ఏడాది పట్టిందట. అందుకే తండ్రి వేషం వేసినాయన గుమ్మం దగ్గర నున్నటి గడ్డంతో చెప్పులు విడిచి, హాల్లోకి వచ్చేసరికి వారం గడ్డంతో కూర్చుంటాడు. గోడ మీద మైకు నీడ ఒకటి తిరుగుతూ ఉంటుంది. కాసేపటికి అదీ ఇంటి మనిషే అనిపించింది. అయినా ఆయన బీడీ వెలిగించి, ఆరిపోయిన అగ్గిపుల్లని మళ్లీ పెట్టెలోనే పెట్టుకుంటాడు చూడండి, మా నాన్న అచ్చం అలాగే చేసేవాడు. గొంతు పట్టేసింది.

అప్పుడు కొడుకు వచ్చి తలుపు పట్టుకుని నిలబడ్డాడు. "నాన్నా, నీకో విషయం చెప్పాలి" అన్నాడు.

టక్కున బొమ్మ ఆగింది. లైట్లు వెలిగాయి.

టైము చూసుకోవాల్సింది. చూసుకోలేదు. లేచి చప్పట్లు కొట్టాను. ఒక్కణ్ణే. తక్కినవాళ్లకి ఇంకా అర్థం కాలేదు పాపం అనుకుని, వెనక వరసలో ఉన్న దర్శకుడి దగ్గరికి వెళ్లి రెండు చేతులూ పట్టుకున్నాను.

"ఏం ముగింపు బాబూ! ఏం చెప్పాలనుకున్నాడో చెప్పకుండా వదిలేశావే, ఆ చెప్పని మాటే సినిమా!"

"అంకుల్, అదీ..." అన్నాడు. వినయం అనుకుని చెయ్యి అడ్డం పెట్టాను. సత్యజిత్ రాయ్ భార్య నగలు తాకట్టు పెట్టి 'పథేర్ పాంచాలి' తీసిన సంగతి చెప్పాను. 2018లో మన 'కేరాఫ్ కంచరపాలెం'లో ఎప్పుడూ కెమెరా ముందుకు రాని కంచరపాలెం వాళ్లే ఎనభై మందికి పైగా నటించారని చెప్పాను. విశాఖవాడికి కంచరపాలెం గురించి! మా ఆవిడ చొక్కా పట్టుకుని లాగుతోంది. ఆవిడకీ కదిలిపోయినట్టుంది అనుకున్నాను. "ఆ కొడుకు నోట్లో ఆగిపోయిన మాట మనందరి నోళ్లలోనూ ఉంది" అని కూడా అన్నాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతున్నాయి.

వెనక తెర మీద పొగాకు ప్రకటన మొదలైంది.

సినిమాలో బీడీ ఉంటే ఆ ప్రకటన మొదట్లో ఒకసారి, మధ్యలో ఒకసారి వేయాలని రూలు. చివర్లో వేయమని ఏ రూలూ లేదు.

తర్వాత తెలిసింది. సినిమా మొత్తం గంటా నలభై నిమిషాలే, ఇంటర్వెల్ లేకుండా ఒక్క బిగిన చూడాలని కుర్రాడి కోరిక. విశ్రాంతి అన్న కార్డే వేయలేదు. మరి సమోసాలు ఎవరు కొంటారు? థియేటర్ వాళ్లు సగానికి లెక్క చూసి, మనిషి నోరు తెరిచిన చోట కోసేశారు. కనీసం వాక్యం పూర్తయ్యేదాకా ఆగితే నూనె చల్లారిపోతుందా? సమోసాలు ఎలాగూ చల్లగానే ఉన్నాయి.

లైట్లు ఆరాయి. కొడుకు ఇంకా తలుపు పట్టుకునే ఉన్నాడు.

"గ్యాస్ బండ అయిపోయింది" అన్నాడు.

పదహారు తలలు నావైపు తిరిగాయి. నేను సీట్లో వీలైనంత కిందికి జారాను. వెనక నుంచి దర్శకుడు ముందుకు వంగి, ఎగతాళిగా కాదు, ఎంతో శ్రద్ధగా, నా చెవిలో అడిగాడు:

"అంకుల్, పోనీ ఆ డైలాగు తీసేయమంటారా?"