‘పరిశీలిస్తాం’ అంటే...

లోక్‌సభలో 377 నిబంధన కింద ఒక ఎంపీకి దక్కేది 250 మాటల చోటు. రైలు ఆగని స్టేషనో, సగంలో నిలిచిన వంతెనో, మూతపడిన మిల్లో... ఏదైనా సరే ముందుగా కాగితం మీద రాసిచ్చి, రాసిచ్చినంతవరకే చదవాలి. ఆ చదవడం కూడా ప్రతిసారీ జరగదు. సభలో గొడవ ముదిరితే, ఆ రోజు జాబితాలో ఉన్న అంశాలన్నీ సభ ముందుంచినట్టే భావిస్తామని అధ్యక్ష స్థానం నుంచి ఒక్క మాట వినిపిస్తుంది. అంతటితో సరి. తర్వాత ఎప్పుడో మంత్రిగారి ఉత్తరం వస్తుంది. ఆ ఉత్తరాల్లో అరిగిపోయిన క్రియాపదం ఒకటుంది: ‘పరిశీలిస్తున్నాం’.

ఈ మాట విలువ ఎంతో తెలుగువారికి ఒకరు చెప్పనక్కర్లేదు. 2014 పునర్విభజన చట్టం 13వ షెడ్యూలు తెరిస్తే అడుగడుగునా అదే పదం తగులుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో కొత్త రైల్వే జోన్ ఏర్పాటును ఆరు నెలల్లో రైల్వేశాఖ పరిశీలించాలి. ఖమ్మం జిల్లాలో, కడప జిల్లాలో ఉక్కు కర్మాగారాలు సాధ్యమో కాదో ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్ ఆరు నెలల్లో పరిశీలించాలి. తెలంగాణలో రైలు పెట్టెల ఫ్యాక్టరీదీ అదే వరస. ‘నెలకొల్పాలి’ అని రాయలేదు. పరిశీలించి ‘కుదరదు’ అన్నా చట్టాన్ని పాటించినట్టే లెక్క! ఖమ్మం ఉక్కు కోసం అనుకున్న బయ్యారం విషయంలో జరిగింది అదే. సెయిల్ పెదవి విరిచింది, ఆపైన కార్యదళం వేశారు, నేటికీ కొలిమి వెలగలేదు. రైల్వే జోన్‌కు 2019 ఫిబ్రవరిలో ప్రకటన, 2025 జనవరిలో ప్రధాన కార్యాలయానికి శంకుస్థాపన. 1980లలో చేతికి అందినట్టే అంది కపుర్తలాకు తరలిపోయిన కోచ్ ఫ్యాక్టరీ కోసం కాజీపేట పడిన ఎదురుచూపులు మరో కథ.

గట్టి క్రియాపదం ఉంటే గట్టెక్కేవాళ్లమా అంటే, అదీ నమ్మకం లేదు. దుగరాజపట్నం ఓడరేవును కేంద్రమే అభివృద్ధి చేస్తుందని, తొలి దశ 2018 చివరికి పూర్తవుతుందని అదే షెడ్యూలు కచ్చితంగా రాసింది. ఆ గడువులోపు అక్కడ ఒక్క ఓడా లంగరు వేయలేదు. ఇక ప్రత్యేక హోదా అయితే చట్టంలోకే ఎక్కలేదు. 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో నాటి ప్రధాని మన్మోహన్ సింగ్ ఇచ్చిన మాటగానే మిగిలింది. ఆ తర్వాతి ప్రభుత్వం 14వ ఆర్థిక సంఘాన్ని చూపించి, 2016 సెప్టెంబరులో హోదా బదులు ‘ప్రత్యేక సాయం’ అంది.

మాట వినకపోతే గొంతు పెంచాలనుకోవడం సహజం. 2018 బడ్జెట్ సమావేశాలు అలాగే గడిచాయి. మార్చిలో వైకాపా, తెదేపా అవిశ్వాస తీర్మానానికి నోటీసులిచ్చాయి. తీర్మానం చేపట్టాలంటే కనీసం 50 మంది లేచి నిలబడాలి, స్పీకర్ వారిని లెక్కించాలి. కావేరీ బోర్డు కోసం అన్నాడీఎంకే సభ్యులు, రిజర్వేషన్ల కోసం తెరాస సభ్యులు వెల్‌లో ప్లకార్డులు పట్టుకుని ఉన్నారు. సభ సజావుగా లేనిదే లెక్కించలేనని నాటి స్పీకర్ సుమిత్రా మహాజన్ రోజూ వాయిదా వేశారు. ఆంధ్రుల హోదా, తమిళుల నీళ్లు, తెలంగాణ కోటా... మూడూ న్యాయమైన గోడులే. మూడూ ఒకేచోట నిలబడి ఒకదాని గొంతు ఒకటి నొక్కేశాయి. ఆ సమావేశాల్లోనే ఆర్థిక బిల్లు చర్చ లేకుండా ఆమోదం పొందింది. కేంద్రానికి అంతకన్నా సుఖం ఏముంటుంది? ఏప్రిల్‌లో ఐదుగురు వైకాపా ఎంపీలు రాజీనామా చేశారు. జులై 20న అవిశ్వాసంపై చర్చ జరిగే నాటికి వారు సభలో లేరు. తీర్మానం 126-325తో వీగిపోయింది. ఆ రోజుల నుంచి జనానికి ఎక్కువగా గుర్తున్నది చిత్తూరు ఎంపీ శివప్రసాద్ పార్లమెంటు ఆవరణలో కట్టిన నారదుడి వేషం!

ఇందులో మా పత్రికల వాటా కూడా ఉంది. ప్లకార్డు ఫొటోకు మొదటి పేజీ ఇస్తాం, రాతపూర్వక జవాబుకు లోపలి పేజీలో నాలుగు లైన్లు. నిజానికి పస ఉన్నది ఆ నాలుగు లైన్లలోనే. ‘పరిశీలనలో ఉంది’ అని మంత్రి సభలో అన్న మాటను కూడా హామీగానే లెక్కగట్టే సంఘం ఒకటి పార్లమెంటులో ఉంది. 1953 నుంచీ పనిచేస్తున్న ప్రభుత్వ హామీల కమిటీ అది. మూడు నెలల్లో హామీ తీర్చాలి, లేదా గడువు పెంచమని అడగాలి. మన ఎంపీల్లో ఆ కమిటీ నివేదికలు తిరగేసేవారు ఎందరు?

సంఖ్యాబలం ఉంటే ఇవన్నీ అక్కర్లేదని కొందరంటారు. నిజమే, 2024లో తెదేపాకు 16 స్థానాలు వచ్చి కేంద్రంలో పట్టు చిక్కాక అమరావతికి రూ.15,000 కోట్లు, విశాఖ ఉక్కుకు రూ.11,440 కోట్ల ప్యాకేజీ కదిలాయి. సభలో ఏళ్ల తరబడి అరిచినా రానివి అవి. కానీ ఆ పట్టు ఒక ఎన్నికతో వచ్చింది, ఇంకో ఎన్నికతో పోవచ్చు. పైగా తెలంగాణకు ఆ వీలూ లేదు. అక్కడి 17 స్థానాల్లో భాజపాకు ఎనిమిది, కాంగ్రెస్‌కు ఎనిమిది. ఇద్దరూ ఒకరినొకరు నిందించుకోవడానికే సమయం చాలడం లేదు.

బయ్యారంపై ‘ప్రభుత్వం ఏం చర్యలు తీసుకుంటోంది?’ అని అడిగితే ‘పరిశీలిస్తున్నాం’ అనే వస్తుంది. కార్యదళం ఎన్నిసార్లు సమావేశమైంది, చివరిసారి ఏ తేదీన, ఖనిజం నాణ్యతపై ఏ నివేదికను నమ్ముతున్నారు, దాన్ని సభ ముందుంచుతారా అని అడిగితే ఆ మాటతో తప్పించుకోవడం కష్టం. బయ్యారం ఏ పార్టీ సొంతమూ కాదు. భాజపా ఎనిమిది మందీ, కాంగ్రెస్ ఎనిమిది మందీ వంతులవారీగా ఇదే ప్రశ్న వేయొచ్చు. ప్రశ్నకు 15 రోజుల ముందు నోటీసివ్వాలి. తొలి వారంలోనే జవాబు కావాలంటే, ఎంపీలు ఢిల్లీ విమానం ఎక్కకముందే కాగితం అక్కడికి చేరాలి.