ఆఫ్‌సెట్ లెక్కకు సాఫ్ట్‌వేరా? చొక్కా జేబు ఏమైంది?

కంప్యూటర్ చెప్పినట్టు లోహం చెక్కే సీఎన్‌సీ మెషినింగ్ సెంటర్లలో వర్క్ ఆఫ్‌సెట్లు లెక్కకట్టడానికి సాఫ్ట్‌వేర్ వాడాలనే దుర్బుద్ధి ఈమధ్య మెషిన్ షాపుల్లో కూలెంట్ పొగలా కమ్ముకుంటోంది. ఇరవై ఏళ్లుగా ఆఫ్‌సెట్లను చొక్కా జేబులో మోసినవాణ్ని. దీన్ని ఖండించే హక్కు నాకు తప్ప ఇంకెవరికుంది? కనుక ఖండిస్తున్నాను.

సంగతి తెలియనివాళ్ల కోసం ఒక మాట. మెషిన్‌కు తన ఇల్లు తప్ప వేరే లోకం తెలియదు. ఆ ఇంటి పేరు మెషిన్ జీరో. ప్రోగ్రాముకేమో జాబ్ మూల, అంటే చెక్కవలసిన ముక్క మూల, తప్ప ఇంకేమీ పట్టదు. ప్రోగ్రాము ‘ఎక్స్ 0, వై 0కి పో’ అంటుంది. ఏ సున్నాకి పోవాలో జి54 చెబుతుంది. ఆఫ్‌సెట్ అంటే ఇల్లు విడిచి జాబ్ దాకా ఎంత దూరమో చెప్పే నాలుగైదు సంఖ్యలు, అంతే. అవి ఒప్పయితే చిప్స్ (లోహపు తురుము) వస్తాయి, తప్పయితే శబ్దం వస్తుంది. ఒకరి భాష ఒకరికి రాని ఈ ఇద్దరి మధ్యా నిలబడి సంబంధం కుదిర్చే పెద్దమనిషి సెట్టర్. ఆ పెద్దరికాన్ని ఒక ల్యాప్‌టాప్‌కు అప్పగించమంటున్నారు.

వైస్‌లో ఒక్క జాబ్ బిగించి పని చేసుకునేటప్పుడు లెక్కన్నదే పెద్దగా లేదు. ఎడ్జ్ ఫైండర్ తిప్పుతూ అంచుకు తాకిస్తాం. మొన చటుక్కున పక్కకు తప్పుకుంటుంది. అక్కడ ఎక్స్ ఎంతుందో చూస్తాం. మొన వ్యాసం 10 మి.మీ. గనక అందులో సగం, అంటే 5, కలపాలి. లేదా తీసేయాలి. ఏ అంచును తాకామో దాన్నిబట్టి. ఆ 5 సంగతి గుర్తు లేకపోతే జాబ్ 5 మి.మీ. పక్కకు పోతుంది. గుర్తుండి, ప్లస్సు మైనస్సు గుర్తు తప్పు వేస్తే 10 పోతుంది. మతిమరుపు మీద గౌరవం నాకు అక్కడే మొదలైంది.

ఇక టూల్ జాబ్ మీదికి వచ్చే దిక్కు జడ్. దానికి కాగితం ముక్క. టూల్‌ను మెల్లగా దించుతూ కింద కాగితాన్ని ఆడిస్తాం. పట్టినట్టనిపిస్తే అదే జీరో. కాగితం మందం 0.1 మి.మీ. అని అందరూ చెబుతారు. ‘పట్టినట్టు’ మందం ఎంతో ఎవరూ చెప్పరు. అది సెట్టర్ వేళ్లను బట్టి, ముందురోజు రాత్రి అతని నిద్రను బట్టి మారుతుంది. దాన్ని ఏ సాఫ్ట్‌వేర్ లెక్కకడుతుంది?

అసలు విద్య బయటపడేది టూల్ అడ్డంగా పడుకుని ఉండే హారిజాంటల్ మెషిన్ దగ్గర. దాని టేబుల్ మీద టూంబ్‌స్టోన్ అనే నిలువు దిమ్మె ఉంటుంది. పేరుకు అర్థం సమాధిరాయి. ఎవరు పెట్టారో గానీ ముందుచూపున్నవాళ్లు. నాలుగు ముఖాలు, ముఖానికి నాలుగు జాబ్‌లు: మొత్తం 16 ఆఫ్‌సెట్లు. ఒక్కోదానికి ఎక్స్, వై, జడ్ చొప్పున 48 సంఖ్యలు. ప్యాలెట్లు (మార్చి మార్చి ఎక్కించే టేబుళ్లు) రెండైతే 96. జి54 నుంచి జి59 దాకా మామూలుగా దొరికేవి ఆరే గనక, మెషిన్ కంట్రోలర్లు చేసే ఫానుక్ వాళ్లు జి54.1 పి1 నుంచి పి48 దాకా అదనపు గదులు ఆప్షన్‌గా కట్టించారు. 300 గదుల ఆప్షన్ కూడా ఉంది. ఇన్ని గదుల ఇంట్లో ఏ గదిలో ఎవరున్నారో చెప్పగలిగింది ఇన్నాళ్లూ నా జేబులోని చీటీ ఒక్కటే. ఇంట్లో చొక్కా ఉతుకులో పడిన రోజు మాత్రం షాపులో ప్రొడక్షన్ ఉండేది కాదు. ఆ మాత్రం విశ్రాంతి మెషిన్‌కూ కావాలి.

టేబుల్ తిప్పితే జాబ్ జీరో కూడా దానితోపాటు తిరిగి ఎక్కడికో పోతుంది. ఎక్కడికి పోయిందో కనుక్కోవడమే లెక్క. ఉదాహరణకు, టేబుల్ తిరిగే కేంద్రం ఎక్స్ -400, జడ్ -700 దగ్గర ఉందనుకోండి. టేబుల్ తిరిగిన కోణానికి పేరు బి. బి0లో, అంటే సున్నా డిగ్రీల దగ్గర, జాబ్ జీరో ఎక్స్ -350, జడ్ -600. అంటే కేంద్రం నుంచి ఎక్స్‌లో 50, జడ్‌లో 100 దూరం. బి180కి తిప్పితే రెండింటి గుర్తులూ తారుమారవుతాయి: ఎక్స్ -450, జడ్ -800. నోటిలెక్క. పిల్లాడైనా చేస్తాడు. చేసి, మెషిన్‌లో వేసి, సరిపోయిందని చూసుకుని, తనకు విద్య వచ్చేసిందనుకుంటాడు.

చిక్కల్లా బి90 దగ్గర. అక్కడ 50, 100 ఒకదాని చోట ఒకటి కూర్చుంటాయి. ఒకదాని గుర్తు మారుతుంది, మరోదానిది మారదు. ఏది మారుతుందన్నది టేబుల్ ఎటువైపు తిరుగుతుందో దాన్నిబట్టి. ఒక దిక్కైతే ఎక్స్ -300, జడ్ -750. రెండో దిక్కైతే ఎక్స్ -500, జడ్ -650. రెండు జవాబుల మధ్య ఎక్స్‌లో 200, జడ్‌లో 100 మి.మీ. తేడా! బి180లో ఎటు తిరిగినా చేరేది ఒకే చోటు గనక అక్కడ ఈ తప్పు కనిపించదు. పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రం వేసే సెట్టర్‌ను బి180 మెచ్చుకుని పంపిస్తుంది, బి90 పట్టుకుంటుంది. నన్ను రెండుసార్లు పట్టుకుంది. రెండోసారి ఫేస్ మిల్ అనే వెడల్పాటి టూల్, జాబ్‌ను బిగించే ఫిక్చర్‌ను కూడా పట్టుకుంది.

సాఫ్ట్‌వేర్ కన్నా ముందు మేమూ ఆధునికులమయ్యామని చరిత్రలో నమోదు కావాలి. షాపులో ఎవరో స్ప్రెడ్‌షీట్ ఒకటి తయారుచేశారు. కోణం గడిలో 90 కొడితే కొత్త ఎక్స్ గడిలో -333.004 అని వచ్చింది. రావలసింది -300. కానీ ఆ చివరి 4 చూశారూ? మైక్రాన్ల దాకా తెగించి చెబుతున్నవాడు అబద్ధమాడతాడా అనిపించింది. నోటిలెక్క -300 అన్న మనిషిని ‘ఉజ్జాయింపు బాపతు’ అని పక్కకు కూర్చోబెట్టాం. షీటుకు డిగ్రీలు అర్థం కావని, దానికి తెలిసింది రేడియన్లేనని తరువాత తేలింది. బడిలో సైన్ 90 అంటే 1. షీటులో సైన్ 90 అంటే 0.894. ఒకటికి దగ్గరగా ఉంది గనకే కొంపముంచింది. ఏ 7000 అనో వచ్చి ఉంటే ఎవరికైనా అనుమానం వచ్చేది.

ఇక ఇప్పటి సాఫ్ట్‌వేర్ సంగతి. నా ఆక్షేపణ దాని లెక్కల మీద కాదు. లెక్క అది బాగానే కడుతుందని శత్రువైనా ఒప్పుకోవాలి. ఆక్షేపణంతా దాని మర్యాద మీద. జవాబు చెప్పవలసింది పోయి ప్రశ్నలు వేస్తుంది.

కొత్త కుర్రాడు టూల్ ట్రాలీ మీద ల్యాప్‌టాప్ తెరిచాడు. మొదటి తెరలోనే మొదటి గడి: తిరిగే కేంద్రం ఎంత? రెండో గడి: టేబుల్ ప్లస్ దిక్కు ఎటు?

“అన్నా, ఈ మెషిన్ రోటరీ సెంటర్ ఎక్స్ ఎంత?” అన్నాడు, టైము ఎంతయిందని అడిగినంత తేలిగ్గా.

షాపు నిశ్శబ్దమైంది. కంప్రెసర్ కూడా అప్పుడే ఆగినట్టు నాకు జ్ఞాపకం. ఎలక్ట్రికల్ ప్యానెల్ తలుపు లోపల పెన్సిల్‌తో -400.012 అని రాసి ఉంది. ఎవరి రాతో తెలియదు. పాత మాక్రో ప్రోగ్రాములో -399.985 ఉంది. నా తలలో చక్కగా, గుండ్రంగా, -400 ఉంది. ఇన్నేళ్లూ ఈ ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూడకుండా కాపురం చేశారు. సాఫ్ట్‌వేర్ వచ్చి ముగ్గురినీ ఒకే వరసలో నిలబెట్టింది. కాపురాలు కూలేది ఇలాగే.

“ఎంత, 0.027 తేడాయేగా!” అన్నాను.

“బి180లో అది రెట్టింపవుతుంది అన్నా. రెండు వైపుల నుంచీ ఒకే రంధ్రం తొలిస్తే మధ్యలో 0.054 మెట్టు వస్తుంది.”

ఆ మెట్టు నాకు తెలియనిది కాదు. దానికి మేము పెట్టుకున్న పేరు ‘కాస్టింగ్ లోపం’. ఆ పేరు మీద ఎన్ని ఉత్తరాలు వెళ్లాయో ఫౌండ్రీ వాళ్లకు తెలుసు.

కుర్రాడు అంతటితో ఊరుకోలేదు. ఆరపార రంధ్రమున్న బ్లాకును టేబుల్ మీద బిగించాడు. బి0లో డయల్ తిప్పి ఎక్స్ రాసుకున్నాడు, బి180కి తిప్పి మళ్లీ రాసుకున్నాడు. రెండూ కూడి 2తో భాగించాడు. -400.021. తలుపుకూ సరిపోలేదు, మాక్రోకూ సరిపోలేదు, నాకూ సరిపోలేదు. ఇరవై నిమిషాల పని. ఇరవై ఏళ్లలో ఆ ఇరవై నిమిషాలు దొరకనంత తీరిక లేకుండా మేము స్క్రాప్ తయారుచేస్తూ ఉన్నాం.

నేనూ ఊరుకోలేదు. “ఇది పొద్దుటి కేంద్రం. మధ్యాహ్నం ఏం చేస్తావు?” అన్నాను. మీటరు పొడవు ఉక్కు ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు 0.012 మి.మీ. సాగుతుంది, మెషిన్ ఒళ్లు కాగాక కేంద్రం ఉన్నచోట ఉండదు. ఈ దెబ్బతో సాఫ్ట్‌వేర్ బోర్లా పడుతుందనుకున్నా. వాడు తల ఊపి, మధ్యాహ్నం మళ్లీ కొలిచి, ఆ గడిలో ఒక్క సంఖ్య మార్చాడు. 16 ఆఫ్‌సెట్లూ వాటంతటవే మారిపోయాయి. మేము అదే పని చేస్తే ఒక షిఫ్ట్ పట్టేది, అందుకే చేసేవాళ్లం కాదు.

మరో ఘోరం: ఏ సంఖ్య ఎవరు, ఎన్ని గంటలకు కొట్టారో అది రాసిపెట్టుకుంటుంది. మా షాపు నడిచిందే తిలాపాపం తలా పిడికెడు అన్న పద్ధతి మీద. స్క్రాప్ వస్తే ఆపరేటర్ సెట్టర్ వైపు, సెట్టర్ ప్రోగ్రామర్ వైపు, ప్రోగ్రామర్ ఫిక్చర్ వైపు చూసేవారు. ఫిక్చర్‌కు నోరు లేదు గనక కేసు అక్కడ ముగిసేది. ఇప్పుడు 10:42కి ఫలానా లాగిన్ నుంచి 5 బదులు -5 అని తెర మీద కనిపిస్తోంది. ఆ లాగిన్ నాదే కావడం కాకతాళీయం.

కనుక సాఫ్ట్‌వేర్ కంపెనీలకు సవినయంగా మూడు మనవులు. ‘సుమారుగా’ అనే బటన్ ఒకటి పెట్టండి. ప్లస్సూ మైనస్సూ తేల్చకుండా ముందుకు పోయే సౌకర్యం కల్పించండి, ఇన్నాళ్లూ మేమలాగే పోయాం. షిఫ్ట్ మారగానే చరిత్ర చెరిగిపోయేలా చూడండి.

వీటికి జవాబు రాలేదు గనక, ఆఫ్‌సెట్లను మెషిన్‌లోకి ఎక్కించే దగ్గరైనా మానవ స్పర్శ ఉండాలని పట్టుబట్టాను. సాఫ్ట్‌వేర్ తన లెక్కంతా జి10 వరుసలుగా ఒక ఫైల్ రాసిస్తుంది. దాన్ని మెషిన్‌లో ఒకసారి నడిపితే గదులన్నీ వాటంతటవే నిండుతాయి. జి91 మోడ్‌లో ఉండగా ఆ ఫైల్ నడిస్తే కొత్త విలువ పాతదాని మీద కూడుతుందనే రహస్యం నాకు తెలుసు. దాని మీద ఎన్నో ఆశలు పెట్టుకున్నాను. తీరా చూస్తే ఫైల్ మొదటి వరుసలోనే జి90, అంటే కూడకుండా కొత్త విలువే పెట్టమని, రాసిపెట్టి ఉంది. ఇంత అపనమ్మకం ఉన్నచోట నేను పనిచేయలేను. ఫైల్ వద్దన్నాను. 48 సంఖ్యలూ నా చేత్తోనే కొట్టాను. ‘ఇన్‌పుట్’ నొక్కితే సంఖ్య దిగుతుంది. పక్కనే ‘ప్లస్ ఇన్‌పుట్’ నొక్కితే ఉన్నదానికి తోడవుతుంది. -350 మీద -350 తోడైతే -700. ఆ రెండు మీటల మధ్య వేలెడు దూరం. అక్కడే నా అనుభవమంతా ఉంది. ఒక్కటీ తప్పలేదు.

ఫస్ట్ పీస్ కొలిచారు. 16 జాబ్‌లలోనూ రంధ్రాలన్నీ 0.5 మి.మీ. కిందకు ఉన్నాయి.

ఆ క్షణంలో నేను పొందిన ఆనందాన్ని దాచుకోవడం నా వల్ల కాలేదు. “చూశావా నీ సాఫ్ట్‌వేర్!” అని అందరికీ వినబడేలా అన్నాను. కుర్రాడు మాట్లాడకుండా ఆఫ్‌సెట్ పేజీ పైకి జరిపాడు. జి54 కన్నా ముందు 00 అని ఒక గది ఉంటుంది. అందులో ఏది పెడితే అది మిగతా గదులన్నిటికీ కలుస్తుంది. అందులో వై -0.500 కూర్చుని ఉంది. ఈ మెషిన్‌లో వై అంటే పైకీ కిందకీ.

“ఇదెవరు పెట్టారన్నా?”

ఏ పుట్టలో ఏ పాముందో ఎవరికి తెలుసు అన్నాను. అంటూనే అలవాటుగా చెయ్యి జేబులోకి పోయింది. ఉతుకులో సగం చెరిగిన చీటీ ఒకటి తగిలింది. తీసి చదివాను. ‘00లో వై -0.5, సాయంత్రం తీసేయాలి.’ ఏ సాయంత్రమో రాసి లేదు. రాత నాదే.

కుర్రాడు ఫోన్ తీశాడు. ఫొటో వద్దురా అన్నాను.