శ్రీశైలం దారిలోని మరమ్మతు షెడ్డుకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన షెడ్డు గారికి,

కల్వకుర్తి దాటి డిండి వైపు సాగే రహదారి పక్కన, "అన్ని రకాల కార్లు రిపేరు చేయబడును" అన్న బోర్డు కింద కొలువైన తమకు నమస్కరించి రాయునది. తమ విద్య ఎంతటిదో ఆ బోర్డు పూర్తిగా చెప్పడం లేదనీ, కారు కంటే ముందు కారులో కూర్చున్నవాళ్ల తొందరను పరీక్షించడంలో తమకున్న నేర్పు నలుగురికీ తెలియవలసి ఉందనీ తోచి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

శనివారం సాయంత్రపు రద్దీలో, ఏసీ వేసుకుని బండ్ల వరుస వెనక పాకుతూ వచ్చిన నా కారులో టెంపరేచర్ ముల్లు పైకి లేవడంతో తమ ముందు ఆపాను. బానెట్ ఎత్తకముందే తమ మెకానిక్ అడిగిన మాట "ఏడికి పోతున్రు సార్?" అని. శ్రీశైలం అన్నాను. ఆ తర్వాత ఆయన చూపు నంబరు ప్లేటు మీద పడింది. నల్లగొండ బండికి 05, మహబూబ్‌నగర్ బండికి 06 ఉంటుంది, నాది హైదరాబాద్ 09. రవాణా శాఖ ఇచ్చిన ఆ అంకెలను బట్టి ఇంజను జబ్బు ఎంత పెద్దదో తేల్చవచ్చునని నాకు అంతవరకు తెలియదు. "తొమ్మిదికి మన్ననూరు గేటు బంద్ చేస్తరు, ఎర్కేనా?" అన్నది చివరి పరీక్ష. అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా పోయే ఆ దారిని అటవీ శాఖ రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసి ఉంచుతుంది. వన్యప్రాణులు బండ్ల కింద పడకుండా పెట్టిన నిబంధన అది. దానివల్ల బతుకుతున్న ప్రాణుల జాబితాలో తమ పేరు కూడా చేర్చాలని నా మనవి.

ఇన్ని వివరాలు అందాక బానెట్ ఎత్తి, "హెడ్ గాస్కెట్ పోయింది సార్, హెడ్డు దించి లేతుకు పంపాలె, రెండు రోజులైతది" అని తీర్పు చెప్పారు. ఇంజను దిమ్మకూ, దాని మీద మూతలా ఉండే హెడ్డుకూ మధ్య బిగించే పొర ఈ గాస్కెట్. అది పోయిన ఇంజనులో చాలాసార్లు, ఇంజనును చల్లబరిచే కూలెంటు ద్రవం ఆయిలుతో కలిసి ఆయిలు మూత లోపల తెల్లటి జిడ్డు పేరుకుంటుంది, పొగగొట్టం నుంచి తెల్లపొగ వస్తుంది, రేడియేటర్‌లో బుడగలు లేస్తాయి. తమ మెకానిక్ ఆ మూత తీయలేదు, పొగ చూడలేదు, రేడియేటర్ వెనక ఫ్యాను తిరుగుతోందా లేదా అన్న చిన్న సంగతీ పట్టించుకోలేదు. జ్వరమని వచ్చినవాడి నాడి పట్టకుండానే కడుపు కోద్దామన్న వైద్యుడు కూడా ఇంత ధీమాగా మాట్లాడి ఉండడు. వెనక సీట్లో మా అమ్మ ముఖం వాడిపోవడం చూసి ఆయన మనసు కరిగింది. "పెద్దమ్మ ఉంది గద, అర్జంటు అంటున్రు, అడ్జస్ట్ చేస్త తియ్యుండ్రి" అన్నారు.

ఆ సర్దుబాటు గురించి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. ముందుగా థర్మోస్టాట్ వాల్వు ఊడదీసి, "ఇది చలి దేశాలకు సార్, మన ఎండలకు పనికి రాదు" అని మూలకు విసిరేశారు. ఇంజను తగినంత వేడెక్కేదాకా కూలెంటును ఆపి, ఆ తర్వాత దారి ఇవ్వడం దాని పని. అది లేని ఇంజను చాలాసేపు చల్లగా నడిచి, ఎక్కువ పెట్రోలు తాగుతుంది. తర్వాత కారడం ఆగుతుందని చెప్పి, ఎక్కడా కారని రేడియేటర్‌లో ఏదో పొడి పోశారు. చివరికి కూలెంటు డబ్బా వచ్చింది. డబ్బా కంపెనీదే, లోపలిది మాత్రం డ్రమ్ములోని బోరు నీళ్లకు ఆకుపచ్చ రంగు కలిపినదని, ఆ కలిపే పిల్లవాడు నా కళ్లెదుటే కలపడం వల్ల తెలిసింది. ఇక్కడి బోరు నీళ్లు రేడియేటర్ సన్నని గొట్టాల్లో పెచ్చు కడతాయని ఈ ప్రాంతంలో ఏ ట్రాక్టర్ డ్రైవర్‌ని అడిగినా చెబుతాడు. తాగునీటి నుంచి ఫ్లోరైడును పటిక, సున్నంతో తొలగించే పద్ధతికి నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) నల్లగొండ జిల్లా పేరే పెట్టింది. ఇక్కడివాళ్ల పళ్లూ ఎముకలూ పడిన బాధ వల్ల నల్లగొండ టెక్నిక్ అన్న మాట దేశాలు దాటింది. నీళ్లకు రంగు వేసి లీటరు లెక్కన అమ్మే తమ పద్ధతిని రెండో నల్లగొండ టెక్నిక్‌గా నమోదు చేయించుకోవడానికి ఏమీ అడ్డు లేదనుకుంటాను.

తమకు పని రాదని అనుకుని ఇదంతా రాయడం లేదు. నా కారు అలా విప్పి ఉండగానే పక్క ఊరి ట్రాక్టర్ ఒకటి వచ్చింది. అదే మెకానిక్ ఇంజను చప్పుడు విని, డీజిల్ పైపులో గాలి చేరిందని పట్టుకుని, బోల్టు వదులు చేసి గాలి తీసి, పది నిమిషాల్లో పంపించారు. రైతు జేబులో చెయ్యి పెట్టబోతే "పైసలేంది కాకా, పో" అన్నారు. ఆ పని చూస్తుంటే నిజంగా ముచ్చట వేసింది. ఆ కాకా మళ్లీ వస్తాడు, రాకపోతే సంతలో కనబడతాడు, నలుగురిలో అడుగుతాడు. నేను రాను. తమ షెడ్డులో రెండు వైద్యాలు ఉండటానికి ఇంతకు మించిన కారణం నాకు కనబడలేదు.

లెక్క 9,400 రూపాయలయింది. అది సిగరెట్ పెట్టె అట్ట మీద ఒక్క అంకెగా ఉంది, దేనికెంతో లేదు. బిల్లు అడిగితే "బిల్లయితే జీఎస్టీ పడతది సార్, మీకే లాస్" అని నా మేలు కోరారు. స్కానర్ తెరిస్తే ఏదో కిరాణా దుకాణం పేరు వచ్చింది. గేటు మూయడానికి సరిగ్గా సరిపడా సమయం మిగిల్చి వదిలిపెట్టారు, అందుకు కృతజ్ఞుణ్ణి.

డిండి నుంచి మన్ననూరు దాకా వేగంగా వెళ్లినంతసేపు ఎదురుగాలికి ముల్లు అణిగి ఉంది. అడవిలో మలుపుల దగ్గర నెమ్మదించగానే మళ్లీ లేచింది. దిగకూడని చోట, ఫోను పలకని చోట ఆగి ఆగి, తాగడానికి తెచ్చుకున్న నీళ్లు చల్లారిన ఇంజనుకు పోసి, ఎలాగో కొండ చేరాం. హైదరాబాద్ తిరిగి వచ్చాక మా వీధి మెకానిక్ ఫ్యాను ఫ్యూజు పోయిందని చూసి, ఇరవై రూపాయలది ఒకటి పెట్టాడు. గాస్కెట్ నిక్షేపంగా ఉంది. తమరు పోసిన పొడి గడ్డకట్టిన రేడియేటర్‌ను మాత్రం మార్చవలసి వచ్చింది.

ఇక ఒక్క విషయం. 1986 నాటి పాత వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారమైతే అవతలి పక్షం ఉన్న చోటుకో, సంగతి జరిగిన చోటుకో పోయి ఫిర్యాదు ఇవ్వాలి. అంటే ఈయన మళ్లీ ఈ దారిన రాడులే అన్న తమ లెక్క అప్పట్లో అయితే సరైనదే. కానీ 2020 జూలైలో అమలులోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం నేను నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే 2 ఏళ్లలోపు ఫిర్యాదు చేయవచ్చు. 5 లక్షల లోపు వ్యవహారానికి రుసుము లేదు. బిల్లు ఇవ్వకపోవడాన్ని కూడా ఆ చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లో లెక్కిస్తుంది.

అయితే ఫిర్యాదులో అవతలి పక్షం పేరు, చిరునామా రాయాలి. తమ బోర్డు మీద పేరు లేదు, అట్టముక్క మీద లేదు, స్కానర్‌లో ఉన్నది కిరాణా దుకాణానిది. కనుక తమ పూర్తి పేరు, చిరునామా తిరుగు టపాలో తెలియజేయవలసిందిగా ప్రార్థిస్తున్నాను. ఆ థర్మోస్టాట్ వాల్వు ఇంకా మూలన పడి ఉంటే దాన్ని కూడా జతచేయండి, తపాలా ఖర్చు నేనే భరిస్తాను.

ఇట్లు,
తమ వద్ద ఆగిన ఒక ప్రయాణికుడు