కాలువ కట్టేసినప్పుడు పెట్టండి సభ

జూన్ 5, పర్యావరణ దినోత్సవానికి మళ్ళీ మైకు కట్టి, ఫ్లెక్సీ వేసి, మొక్కలు నాటుదామని మా ఊరి పర్యావరణ సంఘం గ్రూపులో మెసేజ్ వచ్చింది. నేను రానని చెప్పేశాను. కొందరికి కోపం వచ్చింది కాబట్టి కారణం ఇక్కడే రాస్తున్నా.

సంఘం పెట్టిన కొత్తలో పేరు కోసమే మూడు వారాలు కొట్టుకున్నాం. రిజిస్ట్రేషన్‌కి ఏడుగురుంటే చాలు, దొరికారు. ఆదివారం పొద్దున్నే ఆరింటికి కాలువ గట్టు మీదకొచ్చేది మాత్రం ముగ్గురే. మొదటి సభ ‘ప్లాస్టిక్ వద్దు’ అని పెట్టాం. అయ్యాక కుర్చీల కింద నీళ్ళ ప్యాకెట్లు, టీ కప్పులు ఏరితే రెండు గోతాలు నిండాయి. మోసింది నేనే, అందుకే లెక్క గుర్తుంది.

ధవళేశ్వరంలో కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయిన దగ్గర్నుంచి ఇక్కడ గోదావరి డెల్టాలో మన కేలండరు కాలువే. వేసవిలో నీళ్ళు కట్టేస్తారు, జూన్‌లో వదులుతారు. కాలువ అడుగు కనపడేది ఆ మధ్య రోజుల్లోనే. డైపర్లు, మందు సీసాలు, చికెన్ షాపు సంచులు, పెళ్ళి భోజనాల ప్లేట్లు, అన్నీ ఎండిన గుర్రపుడెక్కలో చిక్కుకుని ఉంటాయి. నీళ్ళు వదిలారా, ఆ సరుకంతా కాలువ చివరుండే శివారు ఊళ్ళకి బయల్దేరుతుంది. మాది శివారు ఊరే. పైవాళ్ళు పారేసింది మా తూము దగ్గరకొచ్చి ఆగుతుంది. మా మంచినీళ్ళ చెరువు నింపేది కూడా ఆ కాలువే మరి!

అందుకే కిందటేడు మే నెలలో పంతం పట్టి ఎండిన కాలువలోనే నిలబడి మీటింగు పెట్టించా. టెంటు లేదు, మైకు లేదు. ఉపన్యాసం మొదలెట్టానో లేదో, రేవులో బట్టలుతికే ఒక పెద్దావిడ అడ్డుకుంది. “అదంతా సరేగానీ బాబూ, చెత్త బండి మా వీధిలోకి ఎప్పుడొస్తదో కనుక్కుని చెప్పు ముందు. ఇంట్లో ఎన్నాళ్ళని పెట్టుకోమంటావ్?” నా దగ్గర జవాబు లేదు. మర్నాడు పంచాయతీకి వెళ్ళాం, నెల తిరిగాం, బండికి రోజూ టైము పెట్టించాం. మేం నాటిన మొక్కలన్నీ కలిపి చేయని పని ఆవిడ ఒక్క ప్రశ్న చేసింది. (మొక్కల్ని మేకలు తిన్నాయి, అది వేరే కథ.)

ఇంకోటి కూడా అనేస్తా, తిట్టుకోండి. రొయ్యల చెరువుల నీళ్ళు డ్రెయిన్లలోకి, అంటే చేల మురుగునీళ్ళు పోయే కాలువల్లోకి, వదలడం గురించి మా సంఘం ఒక్క తీర్మానం చేయలేదు. సభ్యుల్లో ఇద్దరికి చెరువులున్నాయి, టీ ఖర్చు వాళ్ళదే. 2011లో కోనసీమ రైతులు పంట వేయమంటూ క్రాప్ హాలిడే ప్రకటించినప్పుడు డ్రెయిన్లు పూడిపోయి చేలు మునిగిపోతున్నాయని ఎంత మొత్తుకున్నారో మర్చిపోయామా? ఆ మాట ఎత్తలేని సంఘానికి లోగో ఎందుకండీ?

లాకులు ఎత్తడానికి ఇంకో రెండాదివారాలు ఉంది. ఈ ఆదివారం ఆరింటికి పాత వంతెన కింద ఉంటాను. గోతం, చేతులకి తొడుగులు తెచ్చుకోండి. టీ ఉంటుంది, గ్లాసు మాత్రం మీ ఇంటిదే.