ఫ్యాన్ కింద రోల్స్ థీరమ్

ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ పిల్లలకి రోల్స్ థీరమ్ మొదలుపెడితే ఒకటే ప్రశ్న: "సార్, ఇది రెండు మార్కులకా, ఏడు మార్కులకా?" రెండు అని తెలిసిందంటే వెనక బెంచీల్లో ఫిజిక్స్ రికార్డులు బయటికొస్తాయి.

ఈసారి అలా జరగనివ్వకూడదనుకున్నాను. థీరమ్ చెప్పేది ఇంతే: తెగకుండా, కోసుగా విరగకుండా సాగే గ్రాఫు ఏ, బి అనే రెండు చోట్ల ఒకే ఎత్తులో ఉంటే (ఎఫ్ ఆఫ్ ఏ, ఎఫ్ ఆఫ్ బి సమానమైతే), ఆ రెంటి మధ్య 'సి' అనే ఏదో ఒకచోట దాని వాలు సున్నా అవుతుంది. బోర్డు మీద ఎక్స్ స్క్వేర్ ప్లస్ 4 గ్రాఫు గీశాను. మైనస్ 3 దగ్గర 13, ప్లస్ 3 దగ్గరా 13. ఎడమా కుడీ అద్దంలో చూసుకున్నట్టున్నాయి కాబట్టి సరిగ్గా నడిమధ్య, సున్నా దగ్గర, స్పర్శరేఖ బల్లపరుపుగా పడుకుంది. అన్ని గ్రాఫులూ ఇంత ముచ్చటగా ఉండవని, అయినా అలాంటి 'సి' ఎక్కడో ఒకచోట ఉండి తీరుతుందని చెప్పాను. ఎవరి మొహంలోనూ చలనం లేదు.

చేతిలో కొత్త సుద్దముక్క ఉంది. "చూడండర్రా! ఇది పైకెళ్లి మళ్లీ నా చేతిలోకే వచ్చిందంటే, మధ్యలో ఒక్క క్షణమైనా దీని వేగం సున్నా కావాల్సిందే" అంటూ ఎగరేశాను.

పైన ఫ్యాన్ అయిదులో తిరుగుతోంది.

ఠక్కుమంది. సగం ముక్క కిటికీలోంచి బయటికి పోయింది. మిగతా సగం, అప్పుడే రౌండ్స్‌కి వచ్చి గుమ్మంలో నిలబడ్డ ప్రిన్సిపాల్ గారి నల్ల చొక్కా మీద తెల్లటి చుక్క పెట్టి కింద పడింది.

"సార్, 'సి' దొరికింది!" అన్నాడు వెనక బెంచీవాడు.

"దొరకదు. సుద్దముక్క సార్ చేతికి తిరిగి రాలేదుగా, ఎఫ్ ఆఫ్ ఏ, ఎఫ్ ఆఫ్ బి సమానం కావు" అంది ముందు బెంచీ అమ్మాయి. ఫ్యాన్ రెక్క దగ్గర గ్రాఫు కోసుగా విరిగింది కాబట్టి అక్కడ వాలు ఇంత అని చెప్పలేమని, అంటే అవకలనీయం కాదని ఇంకొకడు. "రెండు ముక్కలయ్యాక ఒకే టైముకి రెండు ఎత్తులు. అసలు ఫంక్షనే కాదు సార్!" అని మరొకడు.

నా సర్వీసులో ఈ థీరమ్ షరతులు ఇంత బాగా ఏ క్లాసుకీ ఎక్కలేదు. 1691లో దీన్ని అచ్చువేసిన రోల్ గారే తర్వాత కాలిక్యులస్ మీద పారిస్ అకాడమీలో పోట్లాటకి దిగాడు. ఆయన గదిలో ఫ్యాన్ కూడా లేదు పాపం.

ప్రిన్సిపాల్ గారు చుక్క దులుపుకున్నారు. అది ఇంకాస్త వెడల్పయింది.

"ఏం టాపిక్ మాస్టారూ?"

"రోల్స్ థీరమ్ సార్."

"రెండు మార్కులదేగా! దానికి ఇంతెందుకండీ?"