మారిషస్: ప్రణాళిక పోయింది, పన్ను మిగిలింది

మారిషస్‌లో పెట్రోలు ధరను ప్రభుత్వ సంస్థ స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ పద్దుల వారీగా విడదీసి ప్రకటిస్తుంది. ఎక్సైజ్ సుంకం, వ్యాట్, రోడ్ల నిర్వహణ, రోడ్రిగ్స్ దీవికి రవాణా ఖర్చు, వంటగ్యాసు, బియ్యం, పిండి సబ్సిడీకి వాటా వంటివన్నీ అందులో కనిపిస్తాయి. 2021 బడ్జెట్ తర్వాత కోవిడ్ టీకాల పేరుతో లీటరుకు 2 రూపాయలు కూడా చేరాయి. ఆ వరుసలో ఎవరి కంటా పడని పద్దు ఇంకొకటి ఉంది. దాని పేరు ఎంఐడీ లెవీ, లీటరుకు 30 సెంట్లు. 40 లీటర్ల ట్యాంకు నింపితే 12 మారిషస్ రూపాయలు.

ఎంఐడీ అంటే 'మోరిస్ ఈల్ ద్యూరాబ్ల్', అంటే సుస్థిర మారిషస్ దీవి. 2008లో నాటి ప్రధాని నవీన్ రామ్‌గులామ్ ప్రకటించిన జాతీయ ప్రణాళిక అది. మారిషస్‌లో పుట్టిన ఫ్రెంచ్ శాస్త్రవేత్త జోయెల్ ద రోనే దానికి సలహాదారు. ఇంధనం, పర్యావరణం, విద్య, ఉపాధి, సమానత్వం అని ఐదు స్తంభాలు నిలబెట్టారు. 2028 నాటికి ఇంధనంలో 65 శాతం పునరుత్పాదక వనరుల నుంచే రావాలన్నారు. నిధి కోసం పెట్రోలు, డీజిలు, బొగ్గు మీద మొదట 15 సెంట్ల లెవీ వేసి, 2011లో దాన్ని రెట్టింపు చేశారు. వర్కింగ్ గ్రూపులు కూర్చున్నాయి, సంప్రదింపులు జరిగాయి, బయటి కన్సల్టెంట్లు వచ్చారు. విధానం, వ్యూహం, కార్యాచరణ అన్నీ కలిపిన పత్రం 2013కి గానీ సిద్ధం కాలేదు. 2014 డిసెంబరు ఎన్నికల్లో ప్రభుత్వం మారింది. కొత్త సర్కారు ఎంఐడీని పక్కన పడేసి 2015లో 'విజన్ 2030' ప్రకటించింది. ఐదేళ్లు మథించిన పత్రం రెండేళ్లు కూడా బతకలేదు. లెవీ మాత్రం ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి అదే పేరుతో వసూలవుతూ వచ్చింది.

ఒక పార్టీ ముద్ర పడిన ప్రణాళికను ఇంకో పార్టీ మోయదు. మనకు ఇది కొత్త సంగతేమీ కాదు. కానీ రాజకీయాన్ని తిట్టి ఊరుకుంటే అసలు విషయం జారిపోతుంది. ఎన్నికల్లో ఓడకపోయినా ఆ 65 శాతం లెక్క నిలిచేది కాదు. కారణం చెరకు పిప్పి.

మారిషస్ పునరుత్పాదక విద్యుత్తు అనగానే చాలామందికి సోలార్ పలకలు, గాలిమరలు గుర్తొస్తాయి. దశాబ్దాలుగా అందులో సింహభాగం చక్కెర మిల్లుల బాయిలర్లలో కాలే పిప్పిదే. జూన్ నుంచి డిసెంబరు దాకా గానుగ సీజన్‌లో పిప్పి కాలుస్తారు. అది అయిపోగానే అదే బాయిలర్‌లో బొగ్గు వేస్తారు. అంటే ఒకే ప్లాంటు సగం ఏడాది హరితం, మిగతా సగం నలుపు. పిప్పి తగ్గితే ఆ ఖాళీని నింపేది బొగ్గే.

ఇక అంకెలు చూద్దాం. టన్ను చెరకు ఆడిస్తే సుమారు 300 కిలోల తడి పిప్పి వస్తుంది. అక్కడి మిల్లుల సగటు పనితీరులో టన్ను చెరకుకు 110 యూనిట్ల వరకు కరెంటు వస్తుందనుకోవచ్చు. 2010లో సుమారు నాలుగున్నర లక్షల టన్నులున్న చక్కెర ఉత్పత్తి 2022 నాటికి రెండు లక్షల ముప్పై వేల టన్నుల దగ్గరికి పడిపోయింది. చెరకు లెక్కన అది ఏటా సుమారు 20 లక్షల టన్నుల లోటు. అంటే 22 కోట్ల యూనిట్లు. దేశం మొత్తం ఏటా ఉత్పత్తి చేసేది 300 కోట్ల యూనిట్లకు కాస్త పైన. అందులో ఏడు శాతం హరిత విద్యుత్తు ఎవరూ ఏ ప్లాంటూ మూయకుండానే ఆవిరైపోయింది. 2010 ప్రాంతంలో పావువంతుకు దగ్గరగా ఉన్న పునరుత్పాదక వాటా ఐదో వంతు లోపుకు జారింది. మధ్యలో సోలార్ పెరిగినా ఇదీ ఫలితం. పోయిన 22 కోట్ల యూనిట్లను పూడ్చడానికే 140 మెగావాట్ల సోలార్ కావాలి. పునరుత్పాదక వాటాను 35 శాతానికో, 60 శాతానికో పెంచే లక్ష్యాల ముచ్చట ఆ తర్వాతది.

చెరకు ఎందుకు తగ్గిందంటే యూరప్ వైపు చూడాలి. 1975 నాటి చక్కెర ఒప్పందం కింద మారిషస్ పంచదారకు ప్రపంచ మార్కెట్‌ను మించిన ధర దక్కేది. 2006 నుంచి నాలుగేళ్లలో యూరోపియన్ యూనియన్ ఆ ధరను 36 శాతం కోసింది. 2009లో ఒప్పందమే ముగిసింది. 2017లో యూరప్ కోటాలు కూడా ఎత్తేశారు. ఒకప్పుడు దీవి నిండా ఉన్న మిల్లులు ఇప్పుడు మూడే. ఎకరం, అరెకరం ఉన్న చిన్న రైతులు ముందుగా చేతులెత్తేశారు. కోత కూలి గిట్టుబాటు కాదు. యంత్రం తెద్దామంటే పొలం నిండా అగ్నిపర్వత శిలలు. చెరకు చాళ్ల మధ్య మనిషెత్తు నల్లరాళ్ల గుట్టలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఒప్పంద కూలీలు నేల చదును చేస్తూ చేతులతో ఏరి పేర్చినవవి. ఆ కూలీల్లో మనవాళ్లూ ఉన్నారు. కోరంగి రేవు పేరు మీద అక్కడ తెలుగువాళ్లను 'కోరంగీలు' అనేవారు. ఇప్పుడు కోత యంత్రం తిరగాలంటే ఆ గుట్టలను తవ్వి తొలగించాలి, చిన్న కమతాలను కలిపి ఒకే చాలుగా దున్నాలి. ప్రభుత్వం దీనికి పథకమైతే పెట్టింది. కానీ చక్కెర ధరే పడిపోయాక రాళ్లు తీసిన పొలంలోనూ చెరకు వేసేవాళ్లు తగ్గిపోయారు.

పిప్పి విద్యుత్తులో రైతు వాటాగా యూనిట్‌కు 3.50 రూపాయలు ఇస్తామని ప్రభుత్వం 2021లో ప్రకటించింది. అంతవరకు పిప్పికి రైతుకు ముట్టింది నామమాత్రమే. ఈ ధర 2008లోనే, ఎంఐడీ మొదటి పేజీలోనే ఉండాల్సింది. ఐదు స్తంభాల కంటే ఆ మూడున్నర రూపాయలు ఎక్కువ పని చేసేవని నా అభిప్రాయం.

2015లో తెచ్చిన స్మార్ట్ సిటీ పథకం దీనికి సరిగ్గా ఎదురు దిశలో నడిచింది. కనీసం 50 ఆర్పెంట్లు, అంటే సుమారు 52 ఎకరాలు ఉంటే పథకానికి అర్హత. వ్యవసాయ భూమిని మార్చుకోవడానికి కట్టాల్సిన పన్ను నుంచి మినహాయింపు. అంత భూమి ఒక్కచోట ఉన్నది ఎవరి దగ్గర? పాత చక్కెర కంపెనీల దగ్గరే. ఒక మంత్రిత్వ శాఖ పిప్పి కావాలంటుంది, ఇంకోటి ఆ పిప్పి పండే నేలను విల్లాలకు రాయితీ మీద వదులుతుంది. పెద్ద దేశంలో ఇలాంటి వైరుధ్యం ఎక్కడో ఓ మూల కలిసిపోతుంది. మొత్తం రెండు వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకున్న దేశంలో దాక్కోవడానికి మూలే లేదు. ఎంఐడీ నడుస్తున్న రోజుల్లోనే ఆల్బియాన్ దగ్గర సుమారు 100 మెగావాట్ల బొగ్గు ప్లాంటు ప్రతిపాదన ముందుకు సాగింది. 2013లో దాని మీద నిరాహార దీక్ష జరిగాక గానీ జాతీయ ఇంధన కమిషన్ వేయలేదు.

లక్ష్యాల అంకెలు మాత్రం మారుతూనే ఉన్నాయి. 2028కి 65 శాతం, 2025కి 35 శాతం, 2030కి 40 శాతం, ఆపై 2021లో 2030కే 60 శాతం, దాంతోపాటు బొగ్గుకు పూర్తి స్వస్తి. ఒక అంకె అందకపోతే ఎందుకు అందలేదో చెప్పే పత్రం రావాలి. వచ్చింది ఇంకా పెద్ద అంకె. 2021 వాతావరణ ప్రతిజ్ఞ ఖర్చు 650 కోట్ల డాలర్లు. అప్పటి జీడీపీలో అది సగానికి పైనే. అందులో తాము పెట్టుకుంటామన్నది 35 శాతం. తలసరి ఆదాయం ఎక్కువున్న దేశమని చవక రుణాల వరుసలో మారిషస్‌ను వెనక్కి నెడతారు. ఒక్క తుపానుకు ఆ ఆదాయం ఎంత వణుకుతుందో ఆ వర్గీకరణకు పట్టదు.

గ్రిడ్ సంగతీ చెప్పాలి. తెలంగాణలో సాయంత్రం కరెంటు తగ్గితే జాతీయ గ్రిడ్ నుంచి కొంటారు. మారిషస్‌కు పక్క రాష్ట్రం లేదు. గరిష్ఠ డిమాండు సుమారు 500 మెగావాట్లు. సోలార్ పార్కుల మీదికి మబ్బు కమ్మితే నిమిషాల్లో పదుల మెగావాట్లు పడిపోతాయి, ఫ్రీక్వెన్సీ జారుతుంది. దాన్ని పట్టి నిలపడానికి 18 మెగావాట్ల బ్యాటరీలు పెట్టారు. క్షణాల కుదుపుకు అవి చాలు, రాత్రి ఎనిమిది గంటల లోడుకు చాలవు. పిప్పి విలువ ఇక్కడే తెలుస్తుంది. మబ్బుతోనూ చీకటితోనూ పని లేకుండా నిలకడగా కాలే ఇంధనం అది.

వాన నీటిని బయటికి పంపే విషయంలోనూ ఇదే తీరు. 2013 మార్చి 30న పోర్ట్ లూయిస్‌లో రెండు గంటల లోపే 150 మిల్లీమీటర్లకు పైగా వాన పడి 11 మంది చనిపోయారు. చిత్తడి నేలలు, ఇతర సున్నిత ప్రాంతాలను గుర్తించే అధ్యయనం 2009లోనే పూర్తయింది. దానికి చట్టబలం ఇవ్వడానికి దశాబ్దం పైగా కాలయాపన చేశారు. ఈలోగా తీర ప్రాంతంలో చిత్తడి నేలలు పూడ్చి ఇళ్లు లేచాయి. భవన అనుమతి స్థానిక సంస్థది, చిత్తడి నేల పర్యావరణ శాఖది, డ్రెయిన్లకు ప్రత్యేక సంస్థ ఏర్పడింది 2017లో. ఎవరికి వారే యమునా తీరే. 2024 జనవరిలో బెలాల్ తుపాను నాడు రాజధాని వీధుల్లో కార్లు మళ్లీ కొట్టుకుపోయాయి.

2020లో వకాషియో నౌక పగడపు దిబ్బకు తగిలి దాదాపు వెయ్యి టన్నుల చమురు ఒలికినప్పుడు కూడా జాతీయ ఆకస్మిక ప్రణాళిక ఉంది, 2003 నాటిది. మయ్‌బూర్ తీరంలో జనం ఎండు చెరకు ఆకును గుడ్డ సంచుల్లో కూరి, ప్లాస్టిక్ సీసాలు కట్టి తేలే అడ్డుకట్టలు కుట్టుకున్నారు.

మరి చేయాల్సిందేమిటి? లక్ష్యాన్ని శాతాల్లో కాక హెక్టార్లలో రాయాలి: ఏ ఏడాది ఎంత చెరకు నేల మిగలాలి, అందులో ఎంత యంత్రకోతకు సిద్ధం. భూమి మార్పిడి అనుమతి ఇచ్చే ఫైలులోనే పోయే యూనిట్లెన్నో, కొత్తగా పారే వాన నీరెంతో ఉండాలి. లెవీ రాబడి, ఖర్చు పార్లమెంటు ముందు వేరు పద్దుగా రావాలి. పేరు ఏ పార్టీది పెట్టినా సరే.

ఇవేవీ చేయకుండా 2030 గడువు అందుకోవడానికి సులువైన దారి ఒకటుంది. బొగ్గు బాయిలర్లలో విదేశీ చెక్క పెళ్లెట్లు, అంటే పొట్టును నొక్కి చేసిన గుళికలు వేయడం. కర్బన లెక్కల్లో అది హరితమే. వేడిమి తక్కువ కాబట్టి టన్ను బొగ్గు స్థానంలో దాదాపు టన్నున్నర పెళ్లెట్లు కావాలి. పోర్ట్ లూయిస్ రేవుకు నౌకలు ఇప్పటికంటే ఎక్కువే వస్తాయి.